తోటివారి ఫోటోపై అభిప్రాయం చెప్పేటప్పుడు

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో ఉదయాన వల లాగుతున్న మన తెలుగు జాలరుల ఫోటోను బరంపురం మిత్రుడెవరైనా చూపి అభిప్రాయం అడిగితే, ‘అద్భుతం’ అని ఊరుకోవడం మర్యాదే గాని, దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. ముందుగా దేనికోసం తీశారో అడగాలి. ముఖాల కోసమా, అలల కోసమా అన్నది తెలియకుండా ఇచ్చే సలహా చీకట్లో రాయి విసరడమే. తరువాత మన చూపు మొదట ఎక్కడ ఆగిందో చెప్పి, దాన్ని అక్కడి నుంచి పక్కకు లాగుతున్నదేమిటో, అంటే ఒరిగిన సముద్రపు గీతనో, అంచున సగం తెగిన పడవనో, చూపించాలి.

‘వెలుగు బాగోలేదు’ అనడం కంటే, తెల్లని నురగ, ఇసుక ఫ్రేమును నింపినప్పుడు కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు వాటిని బూడిదరంగుకు దించుతుంది కనుక ఎక్స్‌పోజరును ఒక స్టాప్ దాకా, అంటే కెమెరాలో పడే వెలుతురు రెట్టింపయ్యేంత వరకు, పెంచి చూడమనడం, అయితే నురగలోని వివరాలు చెరిగిపోకుండా హిస్టోగ్రాము (ఫోటోలో చీకటి, వెలుగుల పాళ్లు చూపే గ్రాఫు) కుడి అంచును గమనించమనడం ఎంతో ఉపయోగకరం. తాడు లాగే చేతులు మసకబారితే షట్టరు వేగాన్ని 1/500 సెకనుకు పెంచమనవచ్చు. ఆ మసక కావాలనే తీసినదైతే వదిలేయాలి.

రంగుల గురించి మాత్రం, మన ఫోను తెర వెలుతురు తగ్గించి ఉందేమో చూసుకోకుండా నోరు విప్పకూడదు. ఒకేసారి రెండు లోపాలకు మించి ఎత్తిచూపడం నాకు నచ్చదు. అడగకుండా ఆయన ఫోటోను మనమే కత్తిరించి తిరిగి పంపడం అసలే తగదు. ‘కుడివైపు కొంత తీసేసి చూడండి’ అంటే చాలు.