టీవీ నటుడి పాత కవర్ పాటల ఎల్పీని కంప్యూటర్‌లోకి ఎక్కించడం

టీవీ నటులు ఇతరుల పాటలు తీసుకుని చేసిన కవర్ ఆల్బమ్‌లలో కొన్నింట్లో పాడటం తక్కువ, పలకడం ఎక్కువ. స్టార్ ట్రెక్ నటుడు విలియం షాట్నర్ 1968లో తెచ్చిన ‘ది ట్రాన్స్‌ఫార్మ్‌డ్ మ్యాన్’లో బాబ్ డిలాన్ పాటా, బీటిల్స్ పాటా నాటకంలో సంభాషణల్లా సాగుతాయి. ఇలాంటి ఎల్పీ రికార్డులో మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం ఉంటుంది, అక్కడ ప్రతి చిటపటా వినబడుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో గట్టిగా తుడిచేస్తే గొంతు కూడా అరిగిపోతుంది. అందుకే సగం పని రికార్డు మీదే చేసేయాలి.

అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క డిష్‌వాష్ లిక్విడ్ చాలు. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. కుళాయి నీళ్లు వాడితే ఆరాక లవణాలు గాడిలో మిగిలిపోయి అవే కొత్త చిటపటలవుతాయి.

టర్న్‌టేబుల్‌ను (రికార్డు ప్లేయర్‌ను) నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో పెట్టి, ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచి సరిచేసే పరికరం) ద్వారా కంప్యూటర్ లైన్ ఇన్‌కు కలపండి. బేస్ లేకుండా కీచుగా వస్తే మధ్యలో ప్రీయాంప్ లేనట్టు. మొద్దుగా, పగిలినట్టు వస్తే రెండున్నట్టు: టర్న్‌టేబుల్ లోపలిదాన్ని ఆపేయండి. గుయ్‌మనే హమ్ వస్తే ముందు గ్రౌండ్ వైరు చూడండి. సైడు చివరి పాటలో ‘స’, ‘ష’లు చీలుతుంటే కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) అలైన్‌మెంట్ సరిచూసి, సూది బరువును తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచుకు జరపండి. తక్కువ బరువు రికార్డుకు మంచిదనుకుంటారు గానీ, సూది గాడిలో ఎగిరితేనే ఎక్కువ నష్టం.

రికార్డింగ్ సెట్టింగ్‌గా 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. 18 నిమిషాల సైడుకు దాదాపు 285 ఎంబీ పడుతుంది. అన్నిటికన్నా బిగ్గరగా ఉన్న చోట మైనస్ 6 డెసిబెల్ దాటకుండా లెవెల్ పెట్టి, సైడంతా ఒకే బిగిన రికార్డు చేయండి. రికార్డు మోనో (రెండు చానళ్లలోనూ ఒకే శబ్దం ఉండేది) అయితే రెండు చానళ్లనూ కలిపేయండి. మోనోలో పాటంతా సూది పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలే కదలికలోని చప్పుడు చాలావరకు రద్దయిపోతుంది.

అసలు చిక్కు క్లిక్ రిమూవల్‌తో, అంటే చిటపటలను తీసేసే సాఫ్ట్‌వేర్ సాధనంతో. ‘ట’, ‘ప’, ‘క’ లాంటి హల్లుల మొదలు దానికి అచ్చం గీతలాగే కనబడుతుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ (ఎంత శబ్దాన్ని క్లిక్‌గా లెక్కించాలో చెప్పే హద్దు) అంకె తగ్గేకొద్దీ కోత పెరుగుతుంది. ఎంత కోశారో తెలియాలంటే శుభ్రం చేసిన ట్రాక్‌ను ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి), అసలు ట్రాక్‌తో కలిపి వినండి. మిగిలేది తీసేసిన శబ్దం మాత్రమే. అందులో మాటల ముక్కలు వినబడితే కోత మితిమీరినట్టే. థ్రెషోల్డ్ పెంచి మళ్లీ చేయండి. మిగిలిన పెద్ద క్లిక్కులను జూమ్ చేసి ఒక్కొక్కటిగా ఆడాసిటీలోని రిపేర్ ఎఫెక్ట్‌తో సరిచేయాలి, అది ఒకసారికి 128 శాంపిళ్ల వరకే పనిచేస్తుంది. విసుగు పుట్టించే పనే, కానీ గొంతుకు హాని చేయదు.

చివరగా ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గించకుండా కుదించే ఫైల్ రకంలో) దాచండి. ట్యాగులను (పాట, ఆల్బమ్ వివరాలను) సాఫ్ట్‌వేర్‌ను ఆటోమేటిక్‌గా నింపనివ్వకండి, అరుదైన ఆల్బమ్‌కు అదే నటుడి వేరే రికార్డు పేరు తగిలించవచ్చు. లేబుల్ మీది కేటలాగ్ నంబరు, లేబుల్ పక్కన నున్నటి భాగంలో గీసిన మ్యాట్రిక్స్ నంబరు చూసి మీరే రాయండి.