పాత బ్రిటిష్ ఓపెన్ కారును చెన్నైలో అమ్మదలచినవారికి

తాతగారో మామగారో ఏనాడో కొన్న ఎం.జి. స్పోర్ట్స్ కారు టీనగర్ ఇంటి షెడ్డులో దుమ్ము పట్టి ఉంటే, దానిని అమ్మదలచిన వారసులు చాలామంది మొట్టమొదట పెయింటర్‌ను పిలుస్తారు. ఆ పని చేయకూడదు. కొనేవారు రంగు తమకు నచ్చినట్టు వేయించుకోగలరు గాని, ఆ కారు పుట్టుకను, హక్కును నిరూపించే కాగితాలను సృష్టించుకోలేరు. అందువల్ల అమ్మకం పని ఇంట్లోని పాత బీరువాతో మొదలు కావాలి.

ఆర్.సి. పుస్తకం, పన్ను రసీదులు, పాత ఇన్సూరెన్స్ పాలసీలు, విదేశం నుంచి వచ్చిన కారయితే కస్టమ్స్ కాగితాలు, మెకానిక్ బిల్లులు, చివరకు కారు పక్కన నిలబడి తీయించుకున్న పెళ్లినాటి ఫోటో అయినా సరే, అన్నీ ఒక ఫైలులో చేర్చాలి. యజమాని మరణించి ఉంటే, ముందుగా ఫారం 31 ద్వారా వారసుల పేరుకు బదిలీ చేయించుకోవాలి. మిగిలిన వారసుల రాతపూర్వక అంగీకారం లేకుండా కొనుగోలుదారును ఇంటికి పిలవడం తగాదాకు దారి తీస్తుంది. ‘ఎం’తోనో ‘టి’తోనో మొదలయ్యే పాత మూడక్షరాల నంబరు ఉన్న బండ్ల వివరాలు కొన్నిసార్లు రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ వెబ్‌సైటు అయిన వాహన్ పోర్టల్‌లోకి ఎక్కి ఉండవు. ఆ నమోదును ఆర్.టి.ఓ. కార్యాలయంలో ముందే చేయించుకోవడం మంచిది.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, దాని గడువు పదేళ్లు. అయితే అలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీ అవసరాలకు నడపకూడదు. ఆదివారం ఉదయం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద షికారు చేయాలనే కోరికతో కొనేవారికి ఈ షరతు నచ్చకపోవచ్చు కనుక, మామూలు రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉంటే ఆ నిర్ణయాన్ని కొనేవారికే వదిలేయాలని నా అభిప్రాయం.

ఆ తరువాత తేల్చవలసింది అది కచ్చితంగా ఏ కారు అన్నది. బానెట్ మీద ఎం.జి. గుర్తు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 1945-49 మధ్య వచ్చిన టి.సి. మోడల్‌కు పెద్ద తీగ చక్రాలు, కర్ర చట్రం మీద రేకు తొడిగిన బాడీ ఉంటాయి. 1950-53 నాటి టి.డి. చక్రాలు చిన్నవి, 1955-62 మధ్య లక్షకు పైగా తయారైన ఎం.జి.ఏ. గుండ్రని ఒంపులతో పూర్తిగా వేరుగా కనిపిస్తుంది. టి.సి., టి.డి.ల అసలు ఇంజన్ నంబరు ఎక్స్.పి.ఏ.జి. అనే అక్షరాలతో మొదలవుతుంది. ఎం.జి.ఏ. విషయంలో మన దేశానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. దాని తొలి రకంలోని 1489 సి.సి. ఇంజన్, మన అంబాసిడర్‌లో ఏళ్లతరబడి వచ్చిన పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి ఒకే బి-సిరీస్ ఇంజన్ల కుటుంబానికి చెందినవి. అసలు ఇంజన్ పాడైతే అంబాసిడర్ ఇంజన్‌తోనో దాని భాగాలతోనో బండిని నడిపించడం ఇక్కడ సులువైన మార్గం. అందులో తప్పేమీ లేదు గాని, అమ్మేటప్పుడు దాచిపెడితే మాత్రం మోసమే అవుతుంది. కనుక ఛాసిస్ నంబరును, ఇంజన్ నంబరును శుభ్రం చేయించి, ఆర్.సి.తో సరిపోల్చి, తేడా ఉంటే ప్రకటనలోనే రాయాలి. ఎం.జి.ఏ. అయితే ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ఇచ్చే ధ్రువపత్రం తెప్పించుకోవచ్చు. కారు తయారైన తేదీ, మొదటి రంగు, అసలు ఇంజన్ నంబరు వంటి వివరాలు అందులో ఉండటం వల్ల, దానికి పెట్టిన ఖర్చు బేరంలో తిరిగి వస్తుంది.

కండిషన్ గురించి చెప్పేటప్పుడు చెన్నై సముద్రపు గాలిని మరచిపోకూడదు. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉన్న బండ్లకు తుప్పు ముందుగా తలుపుల కింది భాగాన, ఫ్లోరులో, ఛాసిస్ మూలల్లో పడుతుంది. పైన పుట్టీ పెట్టి రంగు కొడితే, అనుభవం ఉన్నవారు అయస్కాంతం ఆనించి నిమిషంలో పసిగడతారు. 2015 డిసెంబరు వరదలో కారు మునిగి ఉంటే ఆ మాట మీరే చెప్పాలి. ఇంజన్ స్టార్ట్ అయ్యేటట్లు చేయించడం, బ్రేకులు బాగు చేయించడం, ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు తట్టుకోలేని పాత రబ్బరు గొట్టాలను మార్పించడం వరకే ఖర్చు పెట్టి, మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టు వదిలేయడమే లాభదాయకం. గుడ్డ టాపు, దాని ఇనుప చట్రం, పక్కల తగిలించే కర్టెన్లు, స్టెప్నీ, పనిముట్ల సంచి అటక మీద దొరికితే, చిరిగిపోయినా సరే, పారేయవద్దు.

ధర విషయంలో లండన్ వేలం ధరను రూపాయల్లోకి మార్చి కూర్చోవడం వృథా. మన దగ్గర ఇటీవల చేతులు మారిన అలాంటి కారు ధర ఎంతో తెలుసుకోవాలి. అందుకు హిస్టారికల్ కార్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ సభ్యుల పరిచయం ఉపయోగపడుతుంది. నిజమైన కొనుగోలుదారులు కూడా తరచుగా ఆ వర్గంలోనే ఉంటారు. పాత బండ్ల విడిభాగాల బజారైన పుదుప్పేట నుంచి వచ్చి కారును చూడకుండానే నగదు చూపించే బ్రోకరుకు దాని విడిభాగాల మీదే దృష్టి ఉండవచ్చు.

చూడటానికి వచ్చేవారి ఎదుట ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. ముందుగా వేడి చేసి ఉంచితే అనుమానం వస్తుంది. ట్రయల్‌కు ఎండ ఎక్కకముందే, ఇన్సూరెన్స్ చెల్లుబాటులో ఉన్నప్పుడే, మీరు పక్కన కూర్చొని వెళ్లాలి.

బేరం కుదిరాక డబ్బును బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద జరిమానా తీసుకున్నవారి మీదే పడుతుంది. ఈ అమ్మకం మీద పడే పన్ను సంగతులు ఆడిటరును అడగండి. యాజమాన్య బదిలీకి సంబంధించిన ఫారం 29, 30 మీద సంతకాలు జరిగాక, తమిళనాడులోపల అయితే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి అమ్మకం సంగతి తెలియజేయాలి. కొన్నవారు హైదరాబాదుకో విజయవాడకో తీసుకెళ్తే ఫారం 28 ద్వారా ఎన్.ఓ.సి. (నిరభ్యంతర పత్రం) కూడా కావాలి. ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్నవారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది కాబట్టి, కొత్త యజమాని పేరు పోర్టల్‌లో కనిపించేదాకా సంతకాలైన ఫారాల నకళ్లను, కారు అప్పగించిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకం చేసిన రసీదును దగ్గర ఉంచుకోవాలి.