దసరా తగ్గింపుల్లో మొదటి కెమెరా కొనే ముందు

పండగ తగ్గింపులు దగ్గరపడ్డాయి. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

- ఉన్న డబ్బంతా బాడీ (లెన్స్ లేని కెమెరా) మీదే పెట్టేయకండి. బాడీ కొన్నేళ్లకే పాతబడుతుంది, మంచి లెన్స్ అంతకు రెండింతల కాలం పనికొస్తుంది. ఖరీదైన బాడీ కొని, లెన్స్‌కు డబ్బులేక ఏడాదంతా కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకున్నవాణ్ణి నేను.

- మౌంట్, అంటే బాడీకి లెన్స్ తగిలించే అమరిక, ఏదో అడగండి; ఏ లెన్స్‌లు పనికొస్తాయో దాన్నిబట్టే ఉంటుంది. కానన్ ఈఓఎస్-ఎం వరుస 2023లో ఆగిపోయింది. నికాన్ డి3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు; సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

- మొదట కొనమని అందరూ చెప్పే 50 ఎంఎం లెన్స్ గురించి ఒక మాట. ఏపీఎస్-సి సెన్సర్ (చాలా మొదటి కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్) మీద అది, పెద్ద ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 75-80 ఎంఎం లెన్స్ చూపినంత దగ్గరగా చూపిస్తుంది. ఇంట్లో పుట్టినరోజు ఫొటో తీయబోతే మీ వీపు గోడకు ఆనుతుంది, కేకు చుట్టూ నిలబడ్డ పిల్లల్లో సగంమంది ఫ్రేములో పట్టరు. ఇంటికి 35 ఎంఎం నయం.

- పాత లెన్స్ అయితే రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోను టార్చి వేసి ఏటవాలుగా చూడండి. గాజు లోపల సాలెపోగుల్లాంటి తెల్లని గీతలుంటే అది బూజు. ఎంత చవకైనా వదిలేయండి. విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో అది ఇంకా పాకుతుంది.

- బిల్లుతోపాటు భారత్‌లో చెల్లే వారంటీ కార్డు తీసుకోండి.