ఇంగ్లీషులో పని చెప్పే వాక్యాలు: ఎక్కడ తడబడతాం, ఎలా సరిదిద్దుకోవాలి

ఒకరికి పని చెప్పే, వద్దనే వాక్యాన్ని ఇంపరేటివ్ అంటారు. స్కూల్లో చిన్న పాఠమే. అయినా ఉద్యోగంలో చేరాక కూడా మనవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. తెలుగులో వెళ్ళు, వెళ్ళండి, వెళ్ళకు, వెళ్దాం అంటూ మర్యాదా, వద్దనడమూ అన్నీ క్రియ చివర్లోనే చేరిపోతాయి. ఇంగ్లీషు క్రియ ఇక్కడ మారదు. కావలసినవన్నీ బయట విడిగా పెట్టుకోవాలి.

సమస్య: మర్యాదగానే రాశాను, సార్‌కి కోపం వచ్చింది

మనసులో 'సార్, శాలరీ స్లిప్ పంపండి' అనుకుని 'సర్, సెండ్ మి ది శాలరీ స్లిప్' అని మెసేజ్ పెడతాం. 'అండి' మన మనసులోనే ఉండిపోయింది. ఆయనకు చేరింది 'పంపు' మాత్రమే. ప్లీజ్ చేరిస్తే కాస్త మెత్తబడుతుంది కానీ పని పురమాయించినట్టే ఉంటుంది. ప్రశ్నగా అడగండి: 'కుడ్ యూ ప్లీజ్ సెండ్ మి ది శాలరీ స్లిప్?'

అలాగని ప్రతిదానికీ కుడ్ యూ అక్కర్లేదు. ఆ పని ఎవరికి మేలో చూసుకోండి. 'హ్యావ్ ఎ సీట్', 'టేక్ కేర్' అంటే మేలు వినేవాళ్లకే కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. దారి చెప్పేటప్పుడు 'టర్న్ లెఫ్ట్' అన్నా అంతే. మనకోసం చేసిపెట్టమంటున్నప్పుడే అడిగినట్టు ఉండాలి.

సమస్య: మామూలుగా పిలిస్తే తిట్టినట్టు వినిపిస్తోంది

'నువ్వు ఇటు రా' మనకు సహజం. 'యూ కమ్ హియర్' అంటే మాత్రం గద్దించినట్టు ఉంటుంది. యూ తీసేయండి. వాక్యం క్రియతోనే మొదలవ్వాలి.

సమస్య: 'డోంట్ అఫ్రెయిడ్', 'డోంట్ యాంగ్రీ'

చాలా ఎక్కువగా వినిపించే తప్పు ఇదే. కారణం తెలుసుకుంటే మళ్ళీ చేయరు. భయపడకు, కోప్పడకు అనేవి మనకు క్రియలు. అఫ్రెయిడ్, యాంగ్రీ క్రియలు కావు, మనిషి ఎలా ఉన్నాడో చెప్పే విశేషణాలు. డోంట్ తర్వాత క్రియ ఉండి తీరాలి కాబట్టి 'బి' కావాలి: 'డోంట్ బి అఫ్రెయిడ్', 'డోంట్ బి లేట్'. వద్దనకుండా చెప్పేటప్పుడూ అంతే: 'బి కేర్‌ఫుల్'. వరీ మాత్రం క్రియే, అందుకే 'డోంట్ వరీ'కి బి అక్కర్లేదు. అనుమానం వస్తే 'ఐ యామ్' పెట్టి చూడండి. 'ఐ యామ్ యాంగ్రీ' కుదిరింది, బి కావాలి. 'ఐ యామ్ వరీ' కుదరదు, వద్దు.

క్రియ ఉన్నచోట 'డోంట్ టు గో', 'డోంట్ గోయింగ్' రెండూ తప్పే. 'డోంట్ గో' చాలు.

సమస్య: వెళ్దాం, రానివ్వు అనాలంటే మాట రావడం లేదు

వెళ్దాం అంటే 'లెట్స్ గో', వద్దులే అనుకుంటే 'లెట్స్ నాట్ గో'. అతన్ని రానివ్వు అనడానికి 'లెట్ హిమ్ కమ్'. హి రాదు, టు రాదు, కమ్స్ కాదు.

సమస్య: పరీక్షలో రిపోర్టెడ్ స్పీచ్ దగ్గర మార్కులు పోతున్నాయి

ఒకరు అన్న మాటను మన మాటల్లో మరొకరికి చెప్పడమే రిపోర్టెడ్ స్పీచ్. ఇక్కడ 'టోల్డ్ టు మి' అని రాయడం, డోంట్‌ను అలాగే వదిలేయడం వల్లే ఎక్కువగా పోతాయి. టోల్డ్ తర్వాత నేరుగా మనిషి, ఆ తర్వాత టు: 'హి టోల్డ్ మి టు ఓపెన్ ది డోర్'. డోంట్ ఉంటే 'నాట్ టు ఓపెన్'. అసలు వాక్యంలో ప్లీజ్ ఉంటే టోల్డ్ బదులు రిక్వెస్టెడ్ రాయండి, ప్లీజ్ తీసేయండి.