మాస్టారూ, ఆ గుడారానికి టేపు వేయకండి: నమూనా అంతరిక్ష కేంద్రం కట్టే బడులకు జాగ్రత్తలు

అక్టోబరు 4 నుంచి 10 దాకా అంతరిక్ష వారోత్సవాలు. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండి వచ్చాక మన శ్రీకాకుళం, విజయనగరం బడుల్లోనూ తరగతి గదిలో గుడారం వేసి, అదే అంతరిక్ష కేంద్రమనుకుని, పిల్లల్ని రాత్రంతా అందులో ఉంచి ‘మిషన్’ నడపాలన్న ఉత్సాహం పెరిగింది. మంచి పనే. కానీ ఈమధ్య ఒక బడిలో పిల్లలు తెల్లారేసరికి తలనొప్పితో, వాంతులతో బయటికొచ్చారని తెలిసింది. గుడారానికి సందు లేకుండా టేపు వేశారట.

మంచినీళ్లు, మందుల పెట్టె, తల్లిదండ్రుల సంతకాలు మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: సీలు వేయకండి.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు టార్పాలిన్ గుడారం అనుకోండి. లోపల ఆరుగురు పిల్లలు. మెలకువగా ఉన్న పిల్లవాడు గంటకు సుమారు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గట్టిగా మూసేస్తే గంటలోనే అది 0.4 శాతానికి చేరుతుంది. అసలు కేంద్రంలో వ్యోమగాములకు నాసా పెట్టుకున్న పరిమితి దాదాపు అంతే. అయిదు గంటలకు రెండు శాతం. అప్పటికి తలపోటు, ఆయాసం. నిద్రలో ఉన్నవాడు చెప్పలేడు, మేలుకున్నవాడు ఆటలో ఓడినట్టవుతుందని చెప్పడు.

‘లోపల దీపం వెలుగుతోంది కదా, గాలి బాగానే ఉంది’ అనుకోవడం పెద్ద పొరపాటు. ఆక్సిజన్ 21 నుంచి 18 శాతానికి దగ్గరైనా దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందు దెబ్బ తీసేది ఆక్సిజన్ తగ్గడం కాదు, పిల్లలు వదిలిన గాలే.

సున్నపు నీళ్ల పళ్లెం పెడితే పీల్చేస్తుందని కొందరి నమ్మకం. లీటరు తేరిన సున్నపు నీళ్లు పట్టేది సుమారు ఒక్క గ్రాము కార్బన్ డయాక్సైడే. ఒక్క పిల్లవాడే గంటకు పాతిక గ్రాములు దాటి వదులుతాడు. అది పాఠంలో చూపించడానికి పనికొస్తుంది, ప్రాణానికి కాదు.

అసలు కేంద్రంలో జియోలైట్ నింపిన యంత్రం ఆ వాయువును పగలూ రాత్రీ తీసేస్తుంటుంది. భారం తెలియని చోట వేడిగాలి పైకి లేవదు. ఫ్యాను ఆగితే నిద్రపోయేవాడి ముఖం చుట్టూ వాడు వదిలిన గాలే నిలిచిపోతుంది. అందుకే అక్కడ గాలి ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. మీ దగ్గర ఆ యంత్రం లేదు. కాబట్టి మళ్లీ చెబుతున్నాం, సీలు వేయకండి.

గుడారం ఎదురెదురు గోడల్లో, ఒకటి కింద, ఒకటి పైన, కనీసం అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న సందులు వదలండి. వెలుగు రాకూడదంటే సందుకు జానెడు దూరంలో నల్లగుడ్డ వేలాడదీయండి, అంటించకండి. పై సందు దగ్గర టేబుల్ ఫ్యాను బయటికి ఊదేలా పెట్టండి. తరగతి గది కిటికీలు తెరిచే ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ మీటరు దొరికితే పిల్లల తలలు పెట్టే చోట ఉంచండి. 1500 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 1500 భాగాలు, అంటే 0.15 శాతం) దాటితే గుడారం పూర్తిగా తెరవండి, 2500 దాటితే అందర్నీ బయటికి తీసుకురండి.

తలుపుకు బయట గొళ్లెం ఉండకూడదు, ఊడదీయండి.
హెల్మెట్ పేరుతో తలకు పాలిథిన్ కవరు తొడగనివ్వకండి, ఫొటోకి కూడా.
పొగ కోసం డ్రై ఐస్ వద్దు. అదీ కార్బన్ డయాక్సైడే.
దోమల చుట్టలు, కర్పూరం, కొవ్వొత్తులు వద్దు. దోమతెరలు కట్టండి.
ఆక్సిజన్ సిలిండరు తేకండి.
ఇసుక, బొగ్గుల వడపోతలో వచ్చిన నీళ్లు తాగించకండి. వడపోత తేటగా చేస్తుంది, క్రిములను చంపదు.
కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది. ఆగిన నిమిషమే మిషన్ ఆగాలి.
జనరేటరు వరండాలో పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, చంపేస్తుంది.
తుపాను హెచ్చరిక వస్తే వాయిదా వేయండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఇది ఆ కాలమే.
బయట పెద్దవాళ్లు ఒకరు రాత్రంతా మేలుకునే ఉండాలి. వంతులు వేసుకోండి, గంటకోసారి ప్రతి పిల్లవాణ్నీ పేరు పెట్టి లేపండి.
తలనొప్పి అన్నవాడికి మాత్ర ఇచ్చి పడుకోబెట్టకండి. ఒక్కడన్నా సరే, ఆరుగుర్నీ ఆరుబయటికి తీసుకొచ్చేయండి. తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.