పదో తరగతి ఫలితాలు వచ్చేలోపు ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. మా అనంతపురం జిల్లాలో చలి వెళ్లిన దారినే పరీక్షల కాలం వస్తుంది. ముందు ఇంటర్, ఆ వెనకే మార్చిలో పదో తరగతి, ఏప్రిల్‌లో ఫలితాలు. పదో తరగతి ఫలితాలు 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 23న వెలువడ్డాయి. ఈ రెండు నెలల్లో తల్లిదండ్రుల జాగ్రత్త అంతా పరీక్ష రోజుల చుట్టూనే తిరుగుతుంది: హాల్ టికెట్టు, రెండు పెన్నులు, ఆటో, పెరుగన్నం. అయితే పరీక్ష రోజుల్లో పిల్లల చుట్టూ మనుషులుంటారు, చేయడానికి పని ఉంటుంది. లెక్కల మాస్టారుగా ఇన్నేళ్లు చూసిన మీదట, పిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమోనని నేను ఎక్కువగా భయపడేది చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం మొదలు ఫలితాలు వచ్చిన మరుసటి వారం దాకా ఉండే కాలానికే. ఆ కాలానికి ఇల్లు ముందుగా సిద్ధపడాలి గనుక ఈ మాటలు ఫిబ్రవరిలోనే రాస్తున్నాను.

పదిహేనేళ్ల పిల్లవాడు తండ్రిని మించి ఎత్తు పెరిగి, రాత్రి కరెంటు రాగానే బోరు మోటారు వేసి మడవ కట్టి వస్తుంటే మన కంటికి పెద్దవాడైనట్టే కనిపిస్తాడు. మెదడు సంగతి వేరు. దాని పరిమాణం ఆరేళ్లకే పెద్దవారి మెదడులో సుమారు 90 శాతానికి చేరుతుంది కాని, లోపలి అమరిక మాత్రం ఇరవై దాటిన తరువాత కూడా సాగుతూనే ఉంటుంది. చిన్నతనంలో లెక్కకు మించి ఏర్పడిన నాడీకణాల అతుకుల్లో వాడకంలో లేనివి కౌమారంలో రాలిపోతాయి. వాడకంలో ఉన్నవి మైలిన్ అనే కొవ్వు పొర కప్పుకొని వేగం పుంజుకుంటాయి. చీనీ (బత్తాయి) తోట ఉన్నవారికి ఎండుకొమ్మలు, నీరుకొమ్మలు తీసివేయడం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఈ పని అన్నిటికంటే ఆలస్యంగా పూర్తయ్యేది నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో. ముందువెనుకలు చూడటం, తొందరను ఆపుకోవడం, రేపటిని ఊహించుకోవడం ఆ భాగం చేసే పనులు. భయం, కోపం, అవమానం వంటివాటికి వెంటనే స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం మాత్రం అప్పటికే చురుకుగా ఉంటుంది.

దీన్ని బట్టి పిల్లలకు తెలివి చాలదని అనుకోవడం పొరపాటు. ప్రశాంతంగా, ఒంటరిగా కూర్చున్నప్పుడు పదహారేళ్లవారు దాదాపు పెద్దవారితో సమానంగానే ఆలోచించగలరు. నలుగురి ముందు తలదించుకోవలసి వచ్చినప్పుడు, తోటివారి చూపు తమ మీద పడినప్పుడు ఆ నిగ్రహం నిలవదు. కాబట్టి మొదటి జాగ్రత్త మాట్లాడే వేళను ఎంచుకోవడంలో ఉంది. మార్కుల గురించి, పై చదువు గురించి, డబ్బు గురించి మాట్లాడవలసిన మాటలన్నీ ఇప్పుడే, అన్నం తిని మిద్దె మీద చల్లగాలికి కూర్చున్నప్పుడు మాట్లాడాలి. ఫలితం వచ్చిన గంటలో ఏ హితవు చెప్పినా అది చెవికెక్కదు, పైగా ఆ వేళ అన్న కటువైన మాట ఒక్కటే మనసులో మిగిలిపోతుంది.

ఆ మాటల్లో ముఖ్యమైనది, పరీక్ష తప్పితే ఏం చేస్తామో ముందే చెప్పడం. చాలామంది దీన్ని అపశకునంగా భావించి నోరు విప్పరు. "తప్పితే" అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తకపోతే, తప్పితే ఇక దారి లేదని పిల్లలు తమకు తామే తేల్చుకుంటారు. దారి ఉన్నదని వివరంగా చెప్పాలి. మార్కుల మీద అనుమానం ఉంటే రుసుము కట్టి రీకౌంటింగుకు, రీవెరిఫికేషనుకు దరఖాస్తు చేయవచ్చు. ఒకటో రెండో సబ్జెక్టులు పోతే మే నెలలో మొదలయ్యే సప్లిమెంటరీలో వాటినే రాసి అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఇంటర్ కాకపోతే పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. 600కు ఎన్ని వస్తే ఏ దారి అని కాగితం మీద రాసి, పిల్లల చేతనే చదివించండి. లెక్కల వాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అంకెల రూపంలో కనిపించిన భయం సగమవుతుంది.

అప్పు సంగతి పిల్లల మీద పెట్టకూడదు. మన ప్రాంతంలో ఇది వేరే ప్రాంతాల వారికి అర్థం కాని భారం. ఆరు వందల అడుగుల బోరు వేసి నీళ్లు పడక, మళ్లీ ఎనిమిది వందలకు వేసి, అదీ ఎండిపోయిన ఇంట్లో, "నీ చదువుతోనే మన అప్పులు తీరాల నాయనా" అని తండ్రి ప్రేమతోనే అంటాడు. వినే పిల్లవాడికి అది ప్రేమగా వినిపించదు. తాను తప్పితే ఇల్లంతా మునిగిపోతుందని వినిపిస్తుంది. పక్కింటి అమ్మాయికి 580 వచ్చాయన్న పోలిక కంటే ఇది ఎక్కువ బరువైన మాట అని నా అభిప్రాయం. ఇంటి పరిస్థితి పిల్లలకు తెలియాలి, నిజమే. అది తీర్చే పని పెద్దవారిదని కూడా అదే నోటితో చెప్పాలి.

నిద్ర విషయంలో మన అలవాట్లు కొంత మార్చుకోవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. యౌవనం మొదలయ్యాక నిద్ర తెప్పించే మెలటోనిన్ విడుదల ఆలస్యమవుతుంది; అందువల్ల చిన్నప్పుడు తొమ్మిదికే పడుకున్న పిల్లలు ఇప్పుడు పదకొండు దాకా మేలుకుంటారు. ఇది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు. పదకొండుకు పడుకున్నవారిని హాస్టల్లో గానీ ఇంట్లో గానీ నాలుగు గంటలకే లేపితే అయిదు గంటల నిద్ర మిగులుతుంది. వారానికి ఇరవై గంటలకు పైగా లోటు. తెల్లవారుజామున చదివితే బాగా ఎక్కుతుందన్న నమ్మకం త్వరగా పడుకునేవారికి సరిపోతుంది, వీరికి సరిపోదు. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే కాబట్టి, రాత్రి తగ్గించుకున్న నిద్ర చదువును కూడా తగ్గిస్తుంది. నిద్ర చాలని పిల్లలు చిన్న మాటకే ఏడవడం, విసుక్కోవడం, అంతా అయిపోయిందనుకోవడం ఎక్కువ. స్లాబు ఇళ్లు అర్ధరాత్రి దాకా వేడి వదలవు గనుక మార్చి నుంచి పడక మిద్దె మీదికి మార్చండి; పిట్టగోడ లేని మిద్దె అయితే వాకిట్లో మంచం వేయండి. ఫోన్లు, ముఖ్యంగా పెద్దవారి ఫోన్లు, రాత్రి పది తరువాత వంటింట్లో ఛార్జింగుకు పెట్టాలి. తండ్రి పక్కన పడుకొని రీల్స్ చూస్తూ కొడుకును పడుకొమ్మంటే ఆ మాటకు విలువ ఉండదు.

తిండి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఉదయం ఖాళీ కడుపుతో పంపకూడదు. రాగి జావ, ఉడికించిన వేరుశనగకాయలు, గుడ్డు, ఆకుకూర పప్పు చాలు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను మాత్రం అశ్రద్ధ చేయవద్దు, ఇనుము లోపిస్తే ఏకాగ్రత తగ్గి నీరసం కమ్ముతుంది. అన్నం తిన్న తరువాత వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు.

తల్లిదండ్రులు బెంగళూరుకు పనికి వెళ్లి, పిల్లలను జేజి (అవ్వ) దగ్గర వదిలిన ఇళ్లలో ఇంకొంత ఏర్పాటు కావాలి. రోజూ ఒకే వేళకు ఫోను చేయాలి, చేసిన ఫోనులో మొదటి ప్రశ్న "ఎంతవరకు చదివినావు?" అని కాక "ఏం తిన్నావు, ఎట్లా ఉన్నావు?" అని ఉండాలి. ఫలితాల రోజుకు తల్లి గానీ తండ్రి గానీ ఊళ్లో ఉండేటట్టు ఇప్పుడే మేస్త్రీతో చెప్పి ఉంచుకోవాలి. కుదరకపోతే పిల్లలకు చనువున్న చిన్నాన్ననో, మేనత్తనో, బడిలో మాస్టారినో ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇక గమనించవలసిన గుర్తులు. పరీక్షల ముందు కొంత గుబులు అందరికీ ఉంటుంది, దాన్ని జబ్బు అనుకోవద్దు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి మారిపోవడం, ఇష్టమైన ఆటకు కూడా పోకపోవడం, కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, స్నేహితులకు మొహం చాటేయడం కనిపిస్తే శ్రద్ధ పెట్టాలి. మగపిల్లల్లో దిగులు తరచుగా కోపం రూపంలో బయటపడుతుంది గనుక దాన్ని పొగరుగా లెక్కగట్టి దెబ్బలు వేసే ప్రమాదం ఉంది. "నేను లేకపోతే మీకే నెమ్మది" అనడం, ఇష్టంగా దాచుకున్న వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, చాలా రోజుల దిగులు తరువాత ఉన్నట్టుండి ప్రశాంతంగా కనిపించడం వీటన్నిటికంటే తీవ్రమైన గుర్తులు. అప్పుడు పక్కన కూర్చొని సూటిగానే అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల దాచుకున్నది బయటికి చెప్పే వీలు కలుగుతుంది. అవునంటే తిట్టకుండా, ఒట్లు వేయించుకోకుండా, ఆ రాత్రి నుంచి ఒంటరిగా వదలకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ గోడ మీది క్యాలెండరు పైన పెద్ద అక్షరాలతో రాయండి. పిల్లలకు చూపించి రాయండి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది పురుగుమందు గురించి. కందికి, చీనీకి, టమోటాకు కొట్టగా మిగిలిన డబ్బాలు మన ఇళ్లలో ఎక్కడుంటాయో నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనూ అక్కడే ఉండేవి: మంచం కింద, విత్తనాల మూట వెనుక, మూత సరిగా బిగించని సగం డబ్బా. ఆ మంచం మీదే పిల్లలు పడుకొని చదివేవారు. చనిపోవాలన్న తీవ్రమైన ఆవేశం చాలాసార్లు కొద్ది నిమిషాలో, కొద్ది గంటలో ఉండి తగ్గిపోతుంది. ఆ కాస్త సమయంలో ప్రాణాంతకమైనది చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను వరుసగా నిషేధించిన తరువాత, 1995 నుంచి ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గడం దీనికి తిరుగులేని నిదర్శనం. మార్చి దాటకముందే మిగిలిన మందును ఇంటి నుంచి తీసి, పొలం దగ్గర గదిలో పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పెద్దవారి మొలతాడుకు ఉండేటట్టు చూడాలి. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచే అలవాటు పూర్తిగా మానాలి. ఇంట్లో ఎవరికైనా వాడుతున్న నిద్రమాత్రలు, బీపీ మాత్రలు కూడా తాళంలోనే ఉండాలి. ఎవరైనా పురుగుమందు తాగారని అనుమానం వచ్చినా సరే వెంటనే 108కు ఫోను చేయాలి; ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు, డబ్బాను మాత్రం వెంట తీసుకుపోవాలి.

ఫలితాల రోజున చేయవలసిన పని తక్కువే. హాల్ టికెట్టు నంబరు ఉంటే ఫోనులో ఎవరైనా ఫలితం చూడగలరు గనుక దాన్ని బంధువులకు పంచవద్దు. ముందు పిల్లలు, ఆ వెంటనే తల్లిదండ్రులు చూడాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో మార్కులు పెట్టకూడదు, బాగా వచ్చినా సరే. ఆ రోజూ తరువాతి వారమూ పిల్లలను ఒంటరిగా ఇంట్లో గానీ పొలంలో గానీ వదలకూడదు.

రెండేళ్ల క్రితం మా అక్క కొడుకు లెక్కల్లోనే తప్పాడు, 31 మార్కులు. లెక్కల మాస్టారి మేనల్లుడు! మా బావ ఫోను చూసి, జేబులో పెట్టుకొని, కాసేపు ఏమీ అనలేదు. తరువాత "డ్రిప్పు పైపు ఎలుక కొరికినట్టుంది, జాయినరు తీసుకోరా అబ్బీ, పోయి చూద్దాం" అన్నాడు. ఇద్దరూ చీనీ తోటలో పొద్దు గుంకేదాకా పైపులు సరిచేశారు. చీకటి పడ్డాక ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడని వాడే నన్ను అడిగాడు.