ముసుగు విలన్ ఒకడే, పేర్లు అనేకం: దేశదేశాల ముద్రణలను పోల్చడం ఎలా?

ఒంటినిండా ఎముకల గూడు వేసిన నల్లటి బిగుతు దుస్తులు, తలకు పుర్రె ముసుగు. ఈ వేషం రెండు దేశాల పుస్తకాల్లో కనబడితే చాలు, "ఇటలీవాడు క్రూరుడు, ఫ్రాన్సువాడు నాజూకు" అని తేల్చేసేవారు హన్మకొండలో మా పాత పుస్తకాల మిత్రుల్లోనే అరడజనుమంది ఉన్నారు. నలుగురు కలిసి టీ తాగుతూ చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే అందులో సగం మాటలు నిలబడవు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి పద్ధతి చెబుతాను.

ఉదాహరణకు ఇటలీ విలన్ 'కిల్లింగ్'ను తీసుకుందాం. 1966లో మొదలైన ఈ కథల్లో గీసిన బొమ్మలు ఉండవు. నటులకు వేషాలు కట్టి, ఫొటోలు తీసి, వాటిమీద మాటల బుడగలు అతికించిన ఫొటో కథలివి. ఒక దేశపు ఫొటోను ఇంకో దేశం అలాగే వాడుకోగలదు, అందుకే పోల్చడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి సరుకు లేదు.

కావలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, బల్లదీపం, స్కేలు, 2బి పెన్సిలు, కిరాణా కొట్లలో వాడే పొడుగాటి ఖాతా పుస్తకం. పెన్ను పనికిరాదు. కంప్యూటర్లో గడులు గీసుకోవడమూ వద్దు. గడి ఖాళీగా కనిపిస్తే ఏదో ఒకటి నింపాలని చేయి దురద పెడుతుంది. అసలు పుస్తకాలే ఉండాలన్న పట్టింపు లేదు. నా దగ్గరున్న అసలు ఇటలీ సంచికలు మూడే, మిగిలినవన్నీ స్కాన్లు. అయితే స్కానులో పేజీ అంచులు నాలుగూ కనబడాలి. అంచులు కోసేసిన స్కానును నేను ముట్టుకోను.

మొదటి పని: పేర్లు విడదీయడం

ఇటలీలో కిల్లింగ్. ఫ్రాన్సులో అతనే సాతానిక్. అర్జెంటీనాలో కిలింగ్. తుర్కియే సినిమాల్లో కిలింక్. చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో శాడిస్టిక్. ఈ అయిదూ ఖాతా మొదటి పేజీలో రాసుకోండి.

ఇక్కడ గుంట ఒకటుంది. ఇటలీలోనే 'సాతానిక్' పేరుతో 1964లో వేరే కామిక్ వచ్చింది. అందులో ప్రధాన పాత్ర ఎర్ర జుట్టు స్త్రీ, శాస్త్రవేత్త. ఫ్రెంచి సాతానిక్‌కూ ఆమెకూ ఏ చుట్టరికమూ లేదు. అదే ఏడాది వచ్చిన 'క్రిమినల్' అనే గీసిన కామిక్‌లో విలన్‌కూ ఎముకల దుస్తులే, పుర్రె ముసుగే. కాకపోతే అతనిది పసుపు రంగు. నలుపు తెలుపు జిరాక్సులో ఈ తేడా ఎగిరిపోతుంది. "ఫ్రాన్సులో విలన్‌ను ఆడమనిషిగా మార్చారు" అని ఒక పెద్దమనిషి నాతో గంటసేపు వాదించారు. ఆయన చేతిలో ఉన్నది రెండు వేర్వేరు పుస్తకాలు.

ఈ గందరగోళానికి మూలం 1962లో మిలాన్‌లో జుస్సానీ అక్కచెల్లెళ్లు మొదలుపెట్టిన 'డయబాలిక్'. అది బాగా అమ్ముడుపోయాక పేరులో ఇంగ్లీషు 'కె' (K) అక్షరం లేని దొంగకు ఇటలీలో గిరాకీ లేకుండా పోయింది. ఇటాలియన్ సొంత అక్షరమాలలో 'కె' లేదు. పరాయి అక్షరం కావడం వల్లే అది అక్కడి కళ్లకు భయంగొలిపేలా ఉంటుందని నా అభిప్రాయం.

రెండో పని: జత కలపడం

సంచిక సంఖ్యను నమ్మవద్దు. ఒక దేశంలో అయిదోది ఇంకో దేశంలోనూ అయిదోదే కావాలని లేదు. అట్ట బొమ్మనూ నమ్మవద్దు. లోపలి పేజీల్లో మూడు ఫొటోలు ఎంచుకుని వాటితోనే జత కలపండి.

ముఖం మాత్రం చూడకండి. ముసుగు వేశాక అన్ని ఫొటోల్లోనూ ఒకటే ముఖం. గోడమీది కాగితం పూలు, బల్లమీది దీపం, తెర మడతలు చూడండి. అన్నిటికంటే నమ్మకమైనది దుస్తులమీది పక్కటెముకల గీతలు. మనిషి వంగినప్పుడు ఆ గీతలు ముడతల్లోకి పోయి విరిగినట్టు కనబడతాయి. ఎడమవైపు మూడో ఎముక ఎక్కడ విరిగిందో రెండు పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటే అది ఒకే ఫొటో.

మూడో పని: తేడా ఎవరిదో తేల్చడం

అందరూ బోల్తాపడేది ఇక్కడే. తేడా కనబడగానే దేశం పేరు రాసేస్తారు. ఆగండి. అది సంపాదకుడు చేసిన మార్పు కావచ్చు, అచ్చులో జరిగింది కావచ్చు, పుస్తకం పాత యజమాని చేసింది కావచ్చు, స్కాన్ చేసినవారి పొరపాటూ కావచ్చు. ఈ నలుగురిలో ముగ్గురిని కొట్టేసిన తర్వాతే నాలుగోవారి పేరు రాయాలి.

ముందు కుడి ఎడమలు. ఒకసారి ఒక మిత్రుడు ఫోనులో ఒక్క ఫొటో పంపాడు. మాటల బుడగలు లేవు, చుట్టూ కోసేశాడు. ఇటలీ ప్రతిలో కుడిచేతిలో ఉన్న కత్తి ఇందులో ఎడమచేతికి వచ్చింది. ఎడమచేతివాటం అశుభమనే నమ్మకంతో మార్చి ఉంటారని ఖాతాలో అరపేజీ రాసిపారేశాను. వారం తర్వాత అదే ఫొటోలో వెనకనున్న కారు కంటబడింది. స్టీరింగు కుడివైపు ఉంది. వరంగల్ చౌరస్తాలో పుట్టిపెరిగిన కంటికి కారు స్టీరింగు కుడివైపు ఉండటంలో వింతేముంది? అందుకే వారంపాటు పట్టలేకపోయాను. ఇటలీ కార్లలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. అంటే బొమ్మ మొత్తం అద్దంలోలాగా తిరగబడింది. ఆరా తీస్తే తిప్పింది ఏ దేశపు సంపాదకుడూ కాదు, మా మిత్రుడి ఫోనే. ఆనాటి నుంచి ఏ ఫొటో చూసినా ముందు కారు, తర్వాత చొక్కా గుండీలు, ఆ తర్వాత దుకాణాల బోర్డులు. ఈ వరుస తప్పను.

తర్వాత చుక్కలు. అచ్చులో ఫొటో అంటే చిన్న చిన్న చుక్కల మేళవింపు. మట్టెవాడలో ప్రెస్సు నడిపిన మా మేనమామ చిన్నప్పుడే నా చేతిలో భూతద్దం పెట్టి ఇది చూపించాడు. చుక్కల మీద అలలు అలలుగా గీతలు తేలితే, ఆ ముద్రణ అసలు ఫొటో నుంచి కాకుండా, ఇంకో అచ్చు పేజీని మళ్లీ ఫొటో తీసి వేసింది అయ్యుండవచ్చు. అలాంటి దానిలో నీడలు మూసుకుపోయి, ఎముకల గీతలు అలుక్కుపోతాయి. అది చూసి "ఇక్కడ విలన్‌ను మరింత భయంకరంగా చేశారు" అనడం అన్యాయం. అతన్ని ఎవరూ ఏమీ చేయలేదు, అచ్చు మసకబారింది అంతే. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసినప్పుడు కూడా ఈ అలలు రావచ్చు. కాబట్టి స్కానులో అలలు కనబడితే ఖాతాలో ప్రశ్నార్థకం పెట్టి ఊరుకోవాలి.

ఇక దిద్దుళ్లు. ఆడవాళ్ల దుస్తులు పొడుగు చేయడం, కత్తి చెరిపేయడం లాంటివి సంపాదకులు చేసే పనులే. ఫ్రాన్సులో పిల్లల పత్రికలపై 1949లో చట్టం వచ్చింది, హింసాత్మకమైన పుస్తకాలను పిల్లలకు అమ్మకుండా ఆపే అధికారం దానితో వచ్చింది. కాబట్టి అక్కడి ముద్రణలో దిద్దుడు ఉంటుందేమోనని వెతకడం సబబే. ముందే ఉందనుకుని వెతకడం మాత్రం సబబు కాదు. బట్టమీద మడతలుంటాయి, నీడ ఉంటుంది. కుంచెతో పూసినచోట రెండూ ఉండవు, చదునుగా ఉంటుంది, అంచు కత్తిరించినట్టు తెగుతుంది. ఆ అంచు దొరికితేనే రాయండి.

పేజీలు తగ్గితే పుస్తకం మధ్య పిన్నుల దగ్గర చూడండి. చింపిన కాగితపు ముక్క మిగిలి ఉంటే తీసేసినవారు సంపాదకులు కారు.

ఈ చూపు నాకు అబ్బింది కామిక్‌ల వల్ల కాదు, కులపురాణాలు చెప్పేటప్పుడు చూపించే చేర్యాల బొమ్మల పటాల వల్ల. పద్మశాలీలకు కూనపులివారు చెప్పే మార్కండేయ పురాణం పటాన్నీ, రజకులకు మడేలు పురాణం చెప్పేవారి పటాన్నీ పక్కపక్కన పరచండి. రెంటిలోనూ అదే ఎర్ర నేల, ఈ పటాలు గీసే నకాషీల చేయి తిరిగిన అదే గీత. పటంలో ఏది పెద్దదవ్వాలి, ఏది మూలకు పోవాలి అన్నది మాత్రం దాన్ని రాయించుకున్నవారి కులపురాణాన్ని బట్టి ఉంటుంది. గీసిందెవరు అని అడిగితే సగమే తెలుస్తుంది, గీయించుకున్నదెవరు అనీ అడగాలి. రెండు బొమ్మలను ఒకదానిమీద ఒకటి పేర్చి తేడాలు మెరిపించే కంప్యూటర్ పద్ధతి ఉందట. తేడా ఎక్కడుందో అది చూపిస్తుందేమో, ఎవరు కోరారో చెప్పదు.

నాలుగో పని: కథ, మాటలు

ఇది సులువే. పేర్లు, ఊళ్లు, చివరి పేజీ సరిచూస్తే చాలు. సినిమాలను మాత్రం ముద్రణల వరుసలో కలపకండి. 1967లో వచ్చిన తుర్కియే సినిమాలో కిలింక్‌కు పోటీగా గాల్లో ఎగిరే వీరుణ్ని తెచ్చారు. అలాంటి శత్రువు ఎదురుపడ్డాక విలన్ తీరు మారక తప్పదు. దానికి వేరే పేజీ కేటాయించండి.

చివరగా ఖాతా రాసేటప్పుడు "లేదు" అనీ "నాకు కనబడలేదు" అనీ రెండు వేర్వేరు గుర్తులు పెట్టుకోండి. 'ఎవరు మార్చారు' అన్న వరుస ఖాళీగా ఉంటే ఉండనివ్వండి, నా ఖాతాలో సగానికి పైగా అలాగే ఉన్నాయి. పుస్తకాలను పాత నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పడుకోబెట్టండి. రబ్బరు బ్యాండు వేయవద్దు. మన మే నెల ఎండకు అది మెత్తబడి అట్టకు అంటుకుంటుంది, లాగితే పుర్రె సగం దానితోపాటే వస్తుంది.